బళ్ళారిలో దిగిన టపా విమానం, పైలటు ఒళ్ళో పటం



ప్రతి సంవత్సరం అక్టోబరు 15 వస్తే మన గ్రూపులో ఒకే ఫోటో తిరుగుతుంది. జే.ఆర్.డి. టాటా గారు చిన్న విమానం పక్కన నిలబడి ఉంటారు. కింద, 1932లో ఇదే రోజు కరాచీ నుంచి బొంబాయికి మొదటి టపా విమానం వచ్చిందని రాసి ఉంటుంది. అందరం దండం బొమ్మ పెడతాం, అయిపోతుంది. కానీ ఆ టపా బొంబాయిలో ఆగిపోలేదు. అది మద్రాసు దాకా పోవలసిన టపా. బొంబాయికీ మద్రాసుకూ మధ్య ఆ విమానం దిగి, రాత్రి నిద్ర చేసిన ఊరు మన బళ్ళారి. మన ఊరి పేరు మన గ్రూపులోనే ఎగిరిపోతోంది. అందుకే ఈసారి ముందుగానే రాస్తున్నాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన సభ్యుల పిల్లల్లో విమానం నడపడం నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఇప్పుడు కనబడుతున్నారు. వాళ్ళు పటం అంటే తెర అనుకుంటారు. ట్యాబ్లెట్ మీద వేలు పెట్టి జరిపితే దేశం మొత్తం జరుగుతుంది. కాగితం పటం ఒళ్ళో పెట్టుకుని బళ్ళారి వెతుక్కుంటూ వచ్చిన మనిషి నుంచి ఇక్కడి దాకా దారి ఎలా సాగిందో, దారిలో ఏం చేతికొచ్చిందో, ఏం జారిపోయిందో నాకు తెలిసినంత చెబుతాను. కొంచెం పొడుగు. తీరిక చూసుకుని చదవండి.

ముందు 1932 సంగతి. ఇంగ్లండు నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి విమానాలు 1929 నుంచి కరాచీ దాకా ఉత్తరాలు తెచ్చేవి. అక్కడి నుంచి బొంబాయికి, మద్రాసుకు రావాలంటే రైలే గతి. ఈ లోటును విమానంతో పూడ్చవచ్చని టాటాల దగ్గరికి వచ్చినవాడు నెవిల్ విన్‌సెంట్. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసిన పైలటు. జే.ఆర్.డి. గారికేమో విమానం అంటే ప్రాణం. మన దేశంలో ఇచ్చిన పైలటు లైసెన్సుల్లో ఒకటో నంబరు ఆయనదే, 1929 ఫిబ్రవరి 10న వచ్చింది. 1932 ఏప్రిల్‌లో సర్కారుతో టపా ఒప్పందం కుదిరింది. పెట్టుబడి అంటే రెండు పస్ మాత్ విమానాలు, జుహూలో ఒక ఆకుల కప్పు షెడ్డు, ఒక పూర్తికాలపు పైలటు. అంతే.

పస్ మాత్ అంటే ఇప్పటివాళ్ళు విమానం అనడానికి సందేహిస్తారు. ఒకటే ఇంజను, పైలటు కాక ఒకరిద్దరికి చోటు, వేగం గంటకు సుమారు 100 మైళ్ళు. అక్టోబరు 15 పొద్దున్నే జే.ఆర్.డి. గారు కరాచీలో బయలుదేరారు. అహ్మదాబాదులో దిగితే పెట్రోలు డబ్బాలు ఎద్దుల బండి మీద వచ్చాయి. మధ్యాహ్నం 1 గంట 50 నిమిషాలకు జుహూలో దిగారు. అక్కడి నుంచి విన్‌సెంట్ టపా సంచులు తీసుకుని ఎగిరి బళ్ళారిలో దిగాడు. రాత్రి ఇక్కడే ఉండి మరునాడు మద్రాసు చేరాడు. మొదట్లో వారానికి ఒక సర్వీసు. మొదటి సంవత్సరం లెక్క చూస్తే 1,60,000 మైళ్ళు ఎగిరి, 155 మంది ప్రయాణికులను, సుమారు 10 టన్నుల టపాను మోసి, 60,000 రూపాయల లాభం చూపించారు. ఆ తర్వాత మద్రాసు దారి హైదరాబాదు మీదుగా మారింది, మన ఊరు పక్కకు పోయింది. విన్‌సెంట్ 1942లో, యుద్ధకాలంలో, ప్రయాణిస్తున్న విమానంతో పాటే సముద్రం పాలయ్యాడు.

బళ్ళారే ఎందుకు? పటం తీసి చూడండి. బొంబాయి నుంచి మద్రాసుకు నేరుగా గీత గీస్తే ఆ గీతకు దగ్గరగా ఉన్న పెద్ద ఊళ్ళలో మనది ఒకటి. బొంబాయి నుంచి 600 కిలోమీటర్ల పైచిలుకు, ఇక్కడి నుంచి మద్రాసుకు 400 పైచిలుకు. దండు ఉన్న ఊరు, రైలు ఉన్న ఊరు, జిల్లా కేంద్రం. అప్పుడు బళ్ళారి జిల్లా మొత్తం మద్రాసు రాష్ట్రంలోనిదే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం కూడా మనతో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆ మూడు తాలూకాలు ఆంధ్రకు, మనం మైసూరుకు వెళ్ళిన సంగతి మీకందరికీ తెలుసు. పైనుంచి చూసే పైలటుకు ఇంకో సదుపాయం కూడా ఉంది. చుట్టూ నల్లరేగడి మైదానం, మధ్యలో చెట్టూ చేమా లేని బోడి రాతి గుట్ట, దాని మీద కోట. ఎంత దూరం నుంచైనా ఇదే బళ్ళారి అని చెప్పేస్తుంది.

కానీ ఆ గుట్ట కనబడేంత దగ్గరికి రావాలి కదా. ఎలా వచ్చేవాళ్ళు? రేడియో లేదు. కింద నుంచి దారి చెప్పే యంత్రం లేదు. ఉన్నవి మూడే: పటం, దిక్సూచి, గడియారం.

పని ఇలా జరిగేది. నేలమీదే కూర్చుని పటం మీద పెన్సిలుతో గీత గీయాలి. ప్రతి 10 మైళ్ళకూ ఒక చిన్న గుర్తు పెట్టాలి. ఆ గీత ఉత్తరానికి ఎన్ని డిగ్రీలు వాలి ఉందో కొలవాలి. గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వస్తుందో అంచనా వేసి విమానం ముక్కును అంత పక్కకు తిప్పి పెట్టాలి. పక్కగాలి గంటకు 10 మైళ్ళు ఉందనుకోండి, ముక్కు సరిగ్గా మద్రాసు వైపే ఉన్నా గంట తిరిగేసరికి విమానం 10 మైళ్ళు పక్కన ఉంటుంది. పైలట్లు బట్టీ పట్టే లెక్క ఒకటి ఉంది: ఒక్క డిగ్రీ తప్పితే 60 మైళ్ళు పోయేసరికి 1 మైలు తప్పుతుంది. ఇంకో 60 పోతే రెండు. లెక్క చిన్నదే, తప్పు మాత్రం వడ్డీలాగా పెరుగుతుంది.

పటాల్లో మిలియన్ షీటు అని ఒకటి ఉంది. నేలమీద 10 కిలోమీటర్లు కాగితం మీద 1 సెంటీమీటరు. ఆ లెక్కన బళ్ళారి నుంచి మద్రాసు ఒక మూర లోపే. ఆ మూర కాగితం మీద వాగులు, గుట్టలు, చెరువులు, రైలు కట్టలు ఉంటాయి. పైలటు గడియారం చూసి, ఇన్ని నిమిషాలైంది కాబట్టి కింద ఇది కనబడాలి అనుకుంటాడు, తర్వాత కిందికి చూస్తాడు. కనబడితే సరే. కనబడకపోతే గాలి మారిందని అర్థం, మళ్ళీ లెక్క.

ఇక్కడ మా రైల్వే సంగతి వస్తుంది. ఆ కాలపు పైలట్లకు రైలు కట్టే పెద్ద దిక్కు. ఇంగ్లండులో రైళ్ళ టైంటేబుల్ పుస్తకానికి బ్రాడ్‌షా అని పేరు. మన దేశానికీ న్యూమన్ వారి ఇండియన్ బ్రాడ్‌షా అని వచ్చేది. మా పాతకాలపు స్టేషన్ మాస్టర్లకు బాగా తెలిసిన పేరు. రైలు కట్ట పట్టుకుని విమానం నడిపితే అక్కడి పైలట్లు దాన్ని బ్రాడ్‌షా చేయడం అని సరదాగా అనుకునేవాళ్ళు. దానికీ ఒక నియమం ఉంది. కట్టను ఎప్పుడూ ఎడమ చేతి పక్కన ఉంచుకుని పోవాలి. ఎదురు వచ్చేవాడు కూడా అదే చేస్తే ఇద్దరూ ఢీకొనరు.

కానీ రైలు కట్టను నమ్ముకుంటే జంక్షన్ దగ్గర కష్టం. గుంతకల్లును తలుచుకోండి. ఒక కట్ట మన బళ్ళారి వైపు, ఒకటి ఆదోని మీద రాయచూరు వైపు, ఒకటి డోను వైపు, ఒకటి గుత్తి మీద కడప వైపు, ఒకటి అనంతపురం, ధర్మవరం వైపు. పైనుంచి చూస్తే సాలెపురుగు కాళ్ళు చాపినట్టు ఉంటుంది. మబ్బు కిందికి దిగి ఉన్న రోజున తప్పు కాలు పట్టుకుంటే ఇంజను బాగానే తిరుగుతుంది, కట్ట బాగానే కనబడుతుంది, ఊరు మాత్రం రాదు. దిక్సూచి చూసుకునే అలవాటు ఉన్నవాడే బయటపడతాడు. ఒకే గుర్తును నమ్మకుండా రెండో దానితో సరిచూసుకోవడం అనే పాఠం అక్కడి నుంచే వచ్చింది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు దీనితో పని ఉంది.

ఆ పటాలు ఎక్కడి నుంచి వచ్చాయి అంటే, దానికీ మన నేల సాక్షి. 1800లో నైజాము ఈ దత్త మండలాలను కంపెనీకి ఇచ్చేశాక వీటిని కొలిచి పటం గీసే పని కాలిన్ మెకెంజీ చేతికి వచ్చింది. ఆయనకు కళ్ళూ చెవులూ అయినవాళ్ళు మన తెలుగువాళ్ళు, కావలి సోదరులు. మెకెంజీ 1815లో దేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఇంకో పక్క విలియం లాంబ్టన్ దేశాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి త్రిభుజాలుగా కొలుచుకుంటూ వచ్చి, 1811లో మన పక్కనున్న గుత్తి దగ్గర ఒక ఆధార రేఖను నేలమీద కొలిచాడు. విన్‌సెంట్ కాలానికి దేశానికి నమ్మదగిన పటాలు ఉన్నాయంటే దాని వెనుక ఎండలో గొలుసులు మోసిన మన కూలీల చెమట ఉంది.

బడిలో నేను చదివింది తమిళంలో. అక్కడ పటాన్ని వరైపడం అంటారు, అంటే గీసిన బొమ్మ. ఆ మాట నాకు ఇష్టం. సర్వేవాళ్ళు ఒకసారి గీశారు. పైలటు తన ప్రయాణం గీతను దాని మీద మళ్ళీ గీశాడు. చేత్తో గీసినవాడికి ఆ దారి సగం గుర్తుండిపోతుంది.

సరిగ్గా అదే రోజుల్లో అమెరికాలో ఎల్రీ జెప్పెసన్ అనే టపా పైలటు ఉండేవాడు. సాల్ట్ లేక్ సిటీకీ షయెన్‌కీ మధ్య కొండల మీద ఆయన డ్యూటీ. తోటి పైలట్లు కొండలకు తగిలి చచ్చిపోతుంటే చూసి, 10 సెంట్లు పెట్టి ఒక చిన్న నోటుపుస్తకం కొన్నాడు. ఏ మైదానం ఎంత పొడుగు, పక్కన కొండ ఎంత ఎత్తు, ఏ రైతుకు టెలిఫోన్ ఉంది, ఎవరిని అడిగితే వాతావరణం చెబుతారు, ఇలా అన్నీ అందులో రాసుకునేవాడు. తోటివాళ్ళు కాపీలు అడిగారు. 1934లో దాన్ని పుస్తకంగా అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత ప్రపంచమంతా పైలట్ల సంచుల్లో ఉన్నవి ఆయన పేరు మీది చార్టులే.

ఆ పుస్తకం గొప్పదనం ఏమిటంటే కుట్టు లేకపోవడం. పేజీలు విడివిడిగా, రింగులకు తగిలించి ఉంటాయి. రన్‌వే మారినా, రేడియో ఫ్రీక్వెన్సీ మారినా, కొత్త టవరు లేచినా, ఆ ఒక్క పేజీ తీసి కొత్తది పెడితే చాలు. ఇప్పుడు ప్రపంచమంతా 28 రోజుల లెక్క నడుస్తుంది. విమానాల సమాచారంలో ముఖ్యమైన మార్పులన్నీ ముందే ఖరారైన ఆ తేదీలకే అమల్లోకి వస్తాయి.

రైల్వేలో గుమాస్తా పని చేసినవాడికి ఇది చెప్పక్కర్లేదు. మాకు కరెక్షన్ స్లిప్పులు ఉండేవి. జనరల్ రూల్సు పుస్తకానికి, ఎస్టాబ్లిష్‌మెంట్ మాన్యువల్‌కు బోర్డు నుంచి స్లిప్పు వస్తుంది. పాత పేరా మీద గమ్ము పెట్టి అతికించాలి, నంబరు వేసి సంతకం చేయాలి. కొన్నాళ్ళకు పుస్తకం గర్భిణిలా ఉబ్బుతుంది. ఒక ఆఫీసులో స్లిప్పుల కట్ట రెండేళ్ళు బీరువాలోనే పడి ఉండడం నేను కళ్ళారా చూశాను. పుస్తకం చూసి లెక్క వేసినవాడి తప్పేమీ లేదు, పుస్తకమే పాతది. మా దగ్గర అయితే ఒకరి సెలవు లెక్క తప్పుతుంది, ఆరు నెలలకు సరిచేస్తారు. ఆకాశంలో పాత పేజీ చూసి మబ్బులో కిందికి దిగేవాడికి ఆరు నెలలు ఎవరిస్తారు?

కాబట్టి కాగితం మంచిది, యంత్రం చెడ్డది అనే మాట నేను అనను. కాగితం బరువు, కాగితం పాతబడడం, కాగితంలో వెతుకులాట, మూడూ నిజమైన కష్టాలు. పెద్ద విమానాల పైలటు సంచి 15, 16 కిలోలు ఉండేది. ప్రతి 28 రోజులకూ పేజీలు మార్చడానికి గంటలు పట్టేది.

చిన్న విమానంలో కష్టం వేరు. అక్కడ పైలటు ఒక్కడే. ఒక చేయి స్టీరింగు మీద, ఒక చేయి పటం మీద. పటం మడత విప్పితే కాక్‌పిట్ అంతా నిండుతుంది. కావలసిన చోటు సరిగ్గా మడత మీదే వస్తుంది. పెన్సిలు కింద పడితే వంగి తీయాలి, తల ఎత్తేసరికి రెక్క వాలిపోయి ఉంటుంది. అందుకే తొడకు కట్టుకునే పలక కనిపెట్టారు, పటం దానికి క్లిప్పుతో పెట్టుకుంటారు.

మార్పు మెల్లగా వచ్చింది. 1991లో ఫెడెక్స్ వాళ్ళు విమానం బరువు, రన్‌వే లెక్కలకు ల్యాప్‌టాప్ వాడడం మొదలుపెట్టారు. 2000 మే నెలలో అమెరికా జీపీఎస్ సంకేతంలో కావాలని కలుపుతున్న తప్పును ఆపేసింది. అంతకుముందు సుమారు 100 మీటర్ల తేడా చూపించే సామాన్యుడి జీపీఎస్ ఒక్క రాత్రిలో ఎన్నో రెట్లు సరిగ్గా చూపించసాగింది. 2010లో ఐప్యాడ్ వచ్చింది. 2011 మే నెలలో అలాస్కా ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు పుస్తకాల బదులు ఐప్యాడ్‌లు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు ప్రయాణం పొడుగునా వాడడానికి అనుమతి వచ్చింది. ఆ సంచి బరువు తగ్గినందుకే ఏడాదికి పది లక్షల డాలర్లకు పైగా ఇంధనం మిగులుతుందని ఆ సంస్థ లెక్క చెప్పింది. ఈ పరికరానికి ఎలక్ట్రానిక్ ఫ్లైట్ బ్యాగ్ అని పేరు పెట్టారు. పైలట్లు ఈఎఫ్‌బీ అంటారు. పేరులో సంచి ఇంకా ఉంది, చూడండి.

పెద్ద సంస్థలకంటే చిన్న విమానాలవాళ్ళకే దీనివల్ల మేలు ఎక్కువ. పెద్ద విమానంలో దారి చూపే యంత్రాలు ముందు నుంచే బిగించి ఉంటాయి. నాలుగు సీట్ల సెస్నాలో అలాంటివి పెట్టాలంటే లక్షలు. ఇప్పుడు ఒక ట్యాబ్లెట్ కొని తొడకు కట్టుకుంటే పటం మీద తన విమానం బొమ్మ కదులుతూ కనబడుతుంది. ముందున్న కొండ తన ఎత్తుకంటే ఎక్కువైతే ఆ చోటు ఎర్రబడుతుంది. ఇంజను మొరాయిస్తే దగ్గరలో దిగే చోటు ఏదో ఒక్క వేలితో తెలుస్తుంది. పటం పాతబడితే వైఫై ఉన్న చోట కొత్తది దిగుతుంది. గుంతకల్లు జంక్షన్ మీద ఏ కాలు పట్టుకోవాలో తడుముకోనక్కర్లేదు. బళ్ళారి వెతుక్కున్న విన్‌సెంట్ చేతిలో ఇది పెట్టి ఉంటే దండం పెట్టి తీసుకునేవాడేమో.

మరి జారిపోయింది ఏమిటి?

2015 ఏప్రిల్ 28న అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానాలు డజన్ల కొద్దీ బయలుదేరలేక నిలిచిపోయాయి. వాషింగ్టన్‌లోని ఒక విమానాశ్రయం చార్టు రెండుసార్లు ఎక్కడంతో పైలట్ల ఐప్యాడ్‌లలో ఆ యాప్ ఆగిపోయింది. కాగితం అయితే ఒక పైలటు పేజీ చిరిగితే పక్కవాడి దగ్గర ఉంటుంది. తెర చెడితే అందరికీ ఒకే క్షణంలో చెడుతుంది.

2014 నవంబరు 29న సముద్రం మీద ఇంకో పాఠం వచ్చింది. ప్రపంచం చుట్టి వచ్చే పందెంలో వెస్టాస్ విండ్ అనే తెరచాప పడవ మారిషస్‌కు ఈశాన్యాన పగడపు దిబ్బల మీదికి రాత్రిపూట నేరుగా ఎక్కేసింది. వాళ్ళ దగ్గర ఎలక్ట్రానిక్ పటం ఉంది, దిబ్బ అందులో ఉంది. కానీ దూరం నుంచి చూసే కొలతలో ఆ దిబ్బ తెరమీద సరిగ్గా కనబడలేదు, దగ్గరికి జరిపి చూస్తేనే కనబడుతుంది. ఫోనులో మ్యాపు చిన్నది చేస్తే మన మోకా, కుడితిని మాయమై బళ్ళారి ఒక్కటే మిగులుతుంది కదా, అదే సంగతి. కాగితం మీద అచ్చు వేసింది మాయం కాదు.

ఇక మన ఎండ సంగతి. అద్దాల కింద కాక్‌పిట్‌లో, మే నెల బళ్ళారి ఎండలో ట్యాబ్లెట్ పెట్టి చూడండి. వేడెక్కిందని చెప్పి తానే ఆరిపోతుంది. బ్యాటరీ అయిపోతుంది. గాలికి విమానం ఊగితే వేలు ఇంకో చోట పడుతుంది.

అన్నిటికంటే పెద్దది సంకేతాన్నే మోసం చేయడం. నేలమీద ఒకడు నకిలీ జీపీఎస్ సంకేతం పంపితే విమానం బొమ్మ తెరమీద హాయిగా తప్పు చోటులో కదులుతూ పోతుంది. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు అమృత్‌సర్, జమ్మూ వైపు ఇలా జీపీఎస్‌కు అడ్డు తగిలిన ఘటనలు 465 అని మన పార్లమెంటులోనే చెప్పారు. మన దేశానికి సొంతంగా గగన్ అనే ఏర్పాటు ఉంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టింది, దాని ముఖ్య కేంద్రం బెంగళూరు కుందలహళ్ళిలో ఉంది. జీపీఎస్‌లోని చిన్న తప్పులను అది సరిదిద్దుతుంది. కానీ సంకేతాన్నే దొంగిలిస్తే సరిదిద్దడానికి ఏముంటుంది? అప్పుడు మళ్ళీ కిటికీలోంచి చూడాలి. దిక్సూచి, గడియారం, కింద రైలు కట్ట. ఒకే గుర్తును నమ్మవద్దన్న పాత మాట అక్కడ పనికొస్తుంది.

ఇప్పుడు మనందరికీ బాధ కలిగించే రోజు గురించి చెప్పాలి. 2009 సెప్టెంబరు 2. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు పొద్దున 8 గంటల 38 నిమిషాలకు బేగంపేటలో బెల్ 430 హెలికాప్టర్ ఎక్కి చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. 9 గంటల 27 నిమిషాలకు నల్లమలలో పావురాలగుట్ట దగ్గర అది కూలింది. ఐదుగురూ పోయారు. ఆర్.కె. త్యాగి గారి అధ్యక్షతన విచారణ జరిగింది. పెద్ద మబ్బుల్లోకి వెళ్ళి, కిందికి తోసే బలమైన గాలిలో చిక్కి అదుపు తప్పిందని తేల్చారు. అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. చివరి నిమిషాల్లో ట్రాన్స్‌మిషన్ ఆయిలు ఒత్తిడి హెచ్చరిక ఒకటి వచ్చింది. దానికి ఏం చేయాలో పుస్తకంలో వెతకడంలో పైలట్ల దృష్టి ఆరు నిమిషాలకు పైగా చిక్కుకుపోయింది. ఆ ఆరు నిమిషాలూ హెలికాప్టర్ మబ్బుల్లోకి పోతూనే ఉంది.

దీన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. ఆ పుస్తకం తెరమీద ఉండి, హెచ్చరిక పేరు నొక్కగానే సరైన పేజీ వచ్చి ఉంటే ఆరు నిమిషాలు ఆరు సెకన్లు అయ్యేవి. వెతుకులాట మనిషి ప్రాణం మీదికి తెస్తుందనడానికి మన తెలుగు నేల మీద ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు. ఇంకో వైపు చూస్తే, మబ్బులను రంగుల్లో చూపించే రాడారు తెర ఆ హెలికాప్టర్‌లో ఉంది. తెర లేక జరిగింది కాదు. వెనక్కి తిప్పుదామనే నిర్ణయం ఏ తెరా తీసుకోదు. కాబట్టి యంత్రం ఉంటే బతికేవాళ్ళని నేను అనలేను. యంత్రం ఉంటే కళ్ళకూ మనసుకూ ఆరు నిమిషాలు ఖాళీ దొరికేది, ఆ ఖాళీలో కిటికీ బయటికి చూసే వీలుండేది అని మాత్రం అనగలను.

మా రైల్వేలో కూడా ఇదే జరిగింది. పెట్టె తలుపు పక్కన రిజర్వేషన్ చార్టు అతికించడం 2018 మార్చి 1 నుంచి పెద్ద స్టేషన్లలో ఆపేశారు. గమ్ము డబ్బా, చార్టుల చుట్ట పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరుగెత్తే మనిషి ఇప్పుడు లేడు. టీటీఈ చేతిలో యంత్రం ఉంది, దిగిన ప్రయాణికుడి బెర్తు అక్కడికక్కడే ఆర్.ఏ.సి. వాడికి పోతుంది. మేలే. చార్టు చదవడం రాని ముసలివాళ్ళకు పక్కనున్నవాడు వేలుపెట్టి పేరు చూపించే ఆ నిమిషం మాత్రం పోయింది. ఫోను లేనివాడు ఎవరిని అడగాలో తెలియక నిలబడతాడు. కొత్తది వచ్చినప్పుడు దాని వెనుక ఎవరు నిలబడిపోయారో చూడడం కూడా పనిలో భాగమే.

విమానాలవాళ్ళు ఈ విషయంలో మనకంటే జాగ్రత్త. తెర వాడేవాడు అది ఆరిపోతే ఏం చేస్తాడో ముందే చెప్పాలి. రెండో ట్యాబ్లెట్టో, కాగితమో, ఏదో ఒకటి పక్కన ఉండాలి. శిక్షణలో ఇప్పటికీ విద్యార్థి చేత కాగితం పటం మీద గీత గీయిస్తారు, గాలి లెక్క చేత్తో వేయిస్తారు. అది వచ్చాకే తెర. మన పిల్లలకు ఇది పాతచింతకాయ పచ్చడిలా అనిపించవచ్చు. 2021 అక్టోబరు 15న ఆరోహి పండిట్ అనే యువ పైలటు జే.ఆర్.డి. గారి దారిని మళ్ళీ ఎగిరి చూపించింది. భుజ్ నుంచి అహ్మదాబాదు మీదుగా జుహూ దాకా, చిన్న విమానంలో, జీపీఎస్ లేకుండా. తెరలతో పెరిగిన తరం అమ్మాయే ఆ పని చేసింది. జే.ఆర్.డి. గారు కూడా 1982లో, 78 ఏళ్ళ వయసులో, కరాచీ నుంచి బొంబాయికి మళ్ళీ ఎగిరారు.

రెండు సార్లూ ప్రయాణం బొంబాయిలోనే ఆగింది. జుహూ నుంచి బళ్ళారి, బళ్ళారి నుంచి మద్రాసు దారిని మళ్ళీ ఎగిరి చూపించేవాళ్ళు కావాలి. మన జిల్లాలో తోరణగల్లు దగ్గర విద్యానగర్ విమానాశ్రయం ఉంది, 2017లో ఉడాన్ పథకంతో అక్కడి నుంచి ప్రయాణికుల విమానాలు కూడా ఎగిరాయి. దిగడానికి చోటు ఉంది. 2032కు నూరేళ్ళు నిండుతాయి. ఆ రోజుకు మన ఊరి పేరు కూడా ఆ ఫోటో కింద ఉండాలంటే మనమే కదలాలి.

సంఘానికి నా మనవి మూడు మాటల్లో.

ఒకటి. ఈ అక్టోబరు 15న మన హాలులో పిల్లలను కూర్చోబెట్టి, పెద్ద పటం మీద బొంబాయి, బళ్ళారి, మద్రాసు గీత వాళ్ళ చేతే గీయిద్దాం. దూరం, గాలి, టైము లెక్క వేయిద్దాం. తర్వాత ఫోనులో సరిచూడమందాం. రైల్వే టైంటేబుల్ సాయం నేను చేస్తాను.

రెండు. సంఘం పాత సభ్యత్వ రిజిస్టర్లను, మినిట్స్ పుస్తకాలను స్కాన్ చేయిస్తున్నారు, సంతోషం. స్కాన్ అయ్యాక పుస్తకాలను పాత కాగితాలవాడికి వేసేద్దామని ఒక మాట వినబడుతోంది. దయచేసి వేయవద్దు. 1953కు ముందు ఎవరు ఏ తాలూకా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారో ఆ చేతిరాతల్లోనే ఉంది. ఒక బీరువా, నాలుగు నాఫ్తలీను ఉండలు, సంవత్సరానికి ఒకసారి దుమ్ము దులపడం, అంతే ఖర్చు. తెర ఆరిన రోజున చూసుకోవడానికి రెండోది ఒకటి ఉండాలి.

మూడు. మీ ఇళ్ళల్లో తాతల నాటి ట్రంకు పెట్టెలు ఉంటే ఒక్కసారి తెరిచి చూడండి. 1932, 33 నాటి ఎయిర్‌మెయిల్ కవరు ఏదైనా, బళ్ళారి తపాలా ముద్రతో, దొరికితే రెండు వైపులా ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. కవరును మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితం మడతలో భద్రంగా పెట్టండి. ఆ విమానం దిగిన మైదానం ఎక్కడుండేదని మీ పెద్దలు చెప్పుకునేవారో, ఒక్క మాట గుర్తున్నా కింద రాయండి. అన్నీ ఒక నోటుపుస్తకంలో నేను ఎక్కించుకుంటాను.